గిట్టుబాటు లెక్కకు అందని రోజు

ఒక కథనో, ఒక కాలాన్నో, ఒక ఊహాలోకాన్నో ఆధారం చేసుకుని, దారులూ భవనాలూ బొమ్మలూ ఆటలూ ఆఖరికి తినుబండారాల దుకాణాలు కూడా ఆ ఒక్క భావానికి లోబడేటట్టు కట్టిన విహారస్థలాన్ని థీమ్ పార్కు అంటారు. రంగులరాట్నాలను, జారుడుబల్లలను ఒకచోట చేర్చినంత మాత్రాన ఆ పేరు చెల్లదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ తెరిచిన డిస్నీలాండ్ ఈ పద్ధతికి ప్రపంచమంతటికీ నమూనాగా నిలిచింది. తెలుగువారి వాడుకలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. హైదరాబాదు దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీ అయినా, వండర్లా అయినా పార్కే. పసిపిల్లలతో మొదటిసారి బయలుదేరే కుటుంబం మాత్రం దీన్ని గమనించడం మేలు, ఎందుకంటే నడుస్తూ, బస్సులో కూర్చుని చూసే చోట ఒక తీరుగానూ, వరుసలో నిలబడి ఎక్కి దిగే చోట మరొక తీరుగానూ పిల్లల ఓపిక కరిగిపోతుంది.

వేలమంది జనం మధ్య పిల్లలను రోజంతా కనిపెట్టుకుని ఉండటం పల్నాడులోని వెల్దుర్తి ప్రాంతానికి కొత్త విద్య కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల, కార్తీకంలో కారెంపూడి పల్నాటి వీరుల ఉత్సవాలు తరతరాలుగా ఈ విద్యను నేర్పుతూనే ఉన్నాయి. తిరునాళ్లకు వెళ్లే ఇంటి పెద్దామె ముందురోజే పులిహోర కలిపి, నీళ్లు నింపి, పిల్లల మొలతాళ్లు సరిచూసి, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవాలో చెప్పి, తప్పిపోతే ఎక్కడికి రావాలో ఒక గుర్తు చూపించి గానీ బండి కదలనిచ్చేది కాదు. ప్రభ, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి బట్టలతో, దీపాలతో అలంకరించి దేవుడికి మొక్కుగా తెచ్చే చట్రం, ఎంత జనంలోనైనా దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి, అంతకంటె మంచి గుర్తు పసివాడికి ఇంకొకటి ఉండదు. ఈ ఏర్పాట్లను ప్రణాళిక అనే పెద్దమాటతో ఎవరూ పిలవలేదు. అయినా నేడు పార్కు ప్రయాణానికి కావలసిన ఆలోచనలో ముప్పాతిక భాగం అందులో ఉంది.

మిగిలిన పాతిక భాగం టిక్కెట్టు దగ్గర మొదలవుతుంది. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినప్పుడే డబ్బు ఇస్తారు. ఎక్కకపోతే పోయేదేమీ లేదు. పార్కులో అలా కాదు. గేటు దగ్గరే రోజంతటికీ కలిపి సొమ్ము కట్టించుకుని, లోపలి ఆటల్లో చాలావాటిని ఎన్నిసార్లయినా ఎక్కవచ్చునంటారు. ఈ పద్ధతి పెద్దల మనసులో ఒక లెక్కను రేపుతుంది. మిరపకూ పత్తికీ గిట్టుబాటు ధర వస్తుందా రాదా అని ఏడాది పొడవునా కొట్టుకులాడే ప్రాంతంలో, కట్టిన డబ్బుకు తగిన ఫలం చేతికి రావాలనుకోవడం ఎంతో న్యాయమైన ఆలోచన. అయితే పొలంలో నిలబడే ఈ లెక్క నాలుగేళ్ల పిల్ల దగ్గర నిలబడదు. ఇంకా పది ఆటలు మిగిలాయన్న తొందరలో నిద్రవేళ దాటించి, ఆకలివేళ దాటించి ఎండలో తిప్పిన పిల్ల సాయంత్రానికి ఏడుపు తప్ప ఏమీ మిగుల్చుకోదు, తల్లిదండ్రులకు ఖర్చు మాత్రం ఖర్చుగానే మిగులుతుంది. మొదటి ప్రయాణానికి కొలతగా పెట్టుకోవలసింది ఇంట్లో అందరికంటె చిన్న బిడ్డ శరీరాన్ని. ఆ బిడ్డ నిద్ర, ఆకలి, భయం, ఎత్తు అనే నాలుగింటి చుట్టూ మిగతా ఏర్పాట్లన్నీ తిరగాలి.

వీటిలో ఎత్తు గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. ఆర్టీసీ బస్సు పిల్లలను వయసుతో కొలుస్తుంది: 5 ఏళ్లు నిండేదాకా టిక్కెట్టు లేదు, 12 ఏళ్ల వరకు అర టిక్కెట్టు. వండర్లా వంటి పార్కు ఎత్తుతో కొలుస్తుంది, అక్కడ 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. లోపల ప్రతి ఆట దగ్గరా మళ్లీ ఒక గీత ఉంటుంది. వేగంగా తిరిగే వాహనంలో మనిషిని పట్టి ఉంచేది ఒడిమీదికో భుజాలమీదికో దిగే భద్రతా కడ్డీ. అది ఒక స్థాయి శరీరానికి సరిపోయేటట్టు తయారవుతుంది గనుక అంతకంటె చిన్న శరీరం దాని కిందినుంచి జారిపోగలదు. ఆ గీత బిడ్డను అవమానించడానికి గీసినది కాదు, కాపలాదారును బతిమాలి దాటించదగినదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మధ్యస్థ ఎత్తు రెండేళ్ల బాబుకు సుమారు 87, ఐదేళ్ల బాబుకు 110 సెంటీమీటర్లు. అంటే బడికి వెళ్లని వయసు పిల్లల్లో చాలామంది ఉచిత ప్రవేశం దాటిపోతారు, పెద్ద ఆటలకు మాత్రం అందరు. ఊళ్లో అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల ఎత్తు, బరువు కొలిచి నమోదు చేస్తారు కాబట్టి, బయలుదేరే ముందు ఆ సంఖ్య అడిగి తెలుసుకుంటే ఏ ఆటలు అందుతాయో ఇంటి దగ్గరే తేలిపోతుంది. అందని ఆటల బొమ్మలను ఫోనులో ముందుగా పిల్లలకు చూపించి ఆశపెట్టకపోవడం, చిన్నదిగా కనిపించినా, ఆ రోజు సుఖానికి ఎంతో అవసరమైన జాగ్రత్త.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు భూగోళమే కొంత సమాధానం ఇస్తోంది. వెల్దుర్తి నుంచి మాచర్ల మీదుగా కృష్ణ దాటి, మల్లేపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం గుండా సాగే సాగర్ రోడ్డు బొంగులూరు దగ్గర హైదరాబాదు బాహ్యవలయ రహదారిని, అంటే నగరాన్ని చుట్టివచ్చే ఔటర్ రింగ్ రోడ్డును తాకుతుంది. అక్కడికి ఒకవైపు కొద్ది దూరంలో రావిర్యాల వద్ద 2016లో ప్రారంభమైన వండర్లా, రెండోవైపు 1996లో ఏర్పడి, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందిన రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నాయి. పల్నాడు నుంచి వచ్చేవారికి రెండూ నగరం ఇవతలే తగులుతాయి; నగరం నడిబొడ్డులో బస చేసి, పొద్దున్నే వాహనాల రద్దీలో వెనక్కి రావడం అనవసరపు శ్రమ. రెండింటిలో పసిపిల్లలకు ఫిల్మ్ సిటీ నయమనిపిస్తుంది. అక్కడ బస్సులో కూర్చుని కట్టడాలు చూడవచ్చు, పిల్లల కోసం ప్రత్యేకంగా ఫండుస్థాన్ అనే విభాగం ఉంది, బస్సు ప్రయాణంలోనే ఒక కునుకు తీయించవచ్చు.

అంతకంటె ముందు తలుపు తట్టవలసిన చోటు ఇంకా దగ్గరగా ఉంది. నాగార్జునసాగర్ ఆవలి ఒడ్డున, నల్లగొండ జిల్లా పరిధిలో, 274 ఎకరాల్లో తీర్చిన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. బౌద్ధ వారసత్వ థీమ్ పార్కు అనే పేరుతోనే దీన్ని నిర్మించారు. బుద్ధుడి జీవితఘట్టాలు, జాతకకథలు, అంటే ఆయన పూర్వజన్మల కథలు, శిల్పాలుగా నిలిచిన ఆ తోటల్లో వేగపు ఆటలు లేవు, వాటి ముందు వరుసలూ లేవు. కోతి, ఏనుగు, జింక చుట్టూ తిరిగే కథలను తాతో అమ్మమ్మో చెప్పుకుంటూ నడవగలిగే చోటది. మాచర్ల దాటిన తరువాత దారిలోనే ఎత్తిపోతల జలపాతం వస్తుంది. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే ఈ ప్రయాణం పెద్ద పార్కుకు ముందు కొలతగా పనికొస్తుంది: బిడ్డ ఎంతసేపు నడిచింది, ఎన్నింటికి చంక ఎక్కింది, కారులో వాంతి చేసుకుందా, కొత్తచోట మరుగుదొడ్డికి వెళ్లడానికి మొరాయించిందా అన్నవి తెలుస్తాయి. ఈ నాలుగు సంగతులు తెలియకుండా రెండు రోజుల బస, నలుగురైదుగురి టిక్కెట్లు ముందే కొనుక్కోవడం తొందరపాటు.

కాలాన్ని ఎంచుకోవడంలో పల్నాడు కుటుంబానికి ఉన్న చిక్కు నగర కుటుంబానికి లేదు. సంక్రాంతి సెలవులకు మిరప కోతలు మొదలవుతాయి, దసరాకు పత్తి తీత ముంచుకొస్తుంది, చేతిలో డబ్బు ఆడే ఏప్రిల్, మే నెలల్లో, ఎండకు పేరుపడిన రెంటచింతల ఉన్న ఈ ప్రాంతపు వేడి గురించి వేరే చెప్పనక్కర లేదు. అయితే బడిలో చేరని పిల్లలున్న ఇంటికి సెలవుల నియమం వర్తించదు. మిరప నాట్లు పడి చేను కుదురుకున్నాక, కోతలు మొదలయ్యే లోపల, కార్తీక మార్గశిరాల్లో వచ్చే మంగళవారమో బుధవారమో అటువంటి కుటుంబానికి దొరికే మంచి ముహూర్తం: చలి ముదరదు, జనం పలచగా ఉంటారు, పొలం ఒకటి రెండు రోజులు ఆగుతుంది.

నీటి ఆటలున్న పార్కుల్లో నూలు బట్టలతో కొలనులోకి దిగనివ్వరు, నూలు పోగులు నీటిని వడకట్టే యంత్రాల్లో చిక్కుకుంటాయి గనుక నైలాను, పాలిస్టరు వంటివే వేసుకోవాలంటారు. పత్తి పండించే ప్రాంతం నుంచి వెళ్లేవారు ఈ సంగతి గేటు దగ్గర తెలుసుకుని ఎక్కువ ధరకు కొనుక్కునే బదులు నరసరావుపేటలోనో మాచర్లలోనో కొనుక్కుని వెళ్లడం మంచిది. బయటి భోజనాన్ని సాధారణంగా లోపలికి అనుమతించరు. కాబట్టి పులిహోర మూట పనికిరానిది కాదు, దాని వేళ మారుతుందంతే: గేటు తెరిచే ముందు కడుపునిండా ఒకసారి, తిరుగుదారిలో మళ్లీ ఒకసారి. పాలు తాగే బిడ్డ ఆహారం సంగతి ముందుగా ఫోను చేసి అడగాలి. తిరునాళ్లలో ప్రభకు బదులు ఇక్కడ ఏదైనా ఎత్తైన గోపురాన్నో బొమ్మనో గుర్తుగా చూపించి, పిల్లల ముంజేతిమీద పెన్నుతో ఫోను నంబరు రాయడం నేటి మొలతాడు.

తల్లిదండ్రుల సరదా సంగతిని చాలామంది పూర్తిగా వదిలేస్తారు, అది కూడా సరైనది కాదు. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అనే పద్ధతి ఉంది: పసిబిడ్డతో ఒకరు బయట ఉంటే మరొకరు ఆట ఎక్కి వస్తారు, తరువాత మొదటివారు మళ్లీ పూర్తి వరుసలో నిలబడకుండానే ఎక్కుతారు. ఆ సదుపాయం లేనిచోట కూడా నాయనమ్మో, పిన్నో, మేనమామో వెంట ఉంటే ఈ వంతులు ఇంట్లోనే కుదురుతాయి. పల్నాడులో పెళ్లిళ్లకు, తిరునాళ్లకు నలుగురు పెద్దలు కలిసి కదిలే అలవాటు ఇక్కడ ఎంతో అక్కరకొస్తుంది.

బయటికి వచ్చే వేళను లోపలికి వెళ్లే ముందే నిర్ణయించుకోవాలి. పార్కు మూసే వేళకు ఇంకా గంటన్నర ఉండగానే, పిల్లలు నవ్వుతూ ఉండగానే గేటు దాటితే, సాగర్ రోడ్డు మీద చీకటి పడేసరికి వెనుక సీటులో వాళ్లు ఒకరిమీద ఒకరు ఒరిగి నిద్రపోతారు. ఎక్కని ఆటలు అక్కడే ఉంటాయి. బయలుదేరే ముందు ఇంటి గుమ్మం మీద బిడ్డ తల ఎత్తున పెన్సిలుతో గీసి తేదీ వేసిన గీత కూడా ఉంటుంది. వచ్చే కార్తీకంలో ఆ బిడ్డను మళ్లీ దాని పక్కన నిలబెట్టి చూడాలి.