తేనీటి రుచి: కొన్ని సాహిత్య ప్రశ్నలు

రసమంటే ఏమిటో చెప్పడానికి భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. రకరకాల వ్యంజనాలు కలిసిన అన్నం తింటూ మంచి మనసుగల భోక్త రుచులను అనుభవించినట్టే, ప్రేక్షకుడు స్థాయీభావాలను ఆస్వాదిస్తాడన్నాడు. ఉపమానం చక్కనిది. అయితే అందులో తినేవాడున్నాడు గాని వండినవాడు లేడు. ఈ లోటు ఎంత పాతదో, ఎంత కొత్తదో తెలియాలంటే ఇవాళ్టి తేనీటి రసజ్ఞతను చూస్తే చాలు.

ఒకే తోటలో పండిన, వేరే తోటల ఆకు కలపని విడి ఆకు టీని ఏరి కొని, పాలు పంచదార లేకుండా రుచి చూసే అలవాటు మన నగరాల్లోనూ పెరుగుతోంది. డబ్బా మీద తోట పేరు, కొండ ఎత్తు, కోత కాలం ఉంటాయి. ఇదంతా ఉన్నవాళ్ళ విలాసమని కొట్టిపారెయ్యడం తేలిక. కాని అది విమర్శ కాదు. ఈ రుచి భేదాలు కల్పితాలు కావు, వాటికి భౌతిక కారణాలున్నాయి. డార్జిలింగులో మార్చి, ఏప్రిల్ నెలల తొలికోత లేత రంగుతో, పూలవాసనతో ఉంటుంది. మే, జూన్ నెలల రెండో కోతలో పచ్చదోమ కుట్టిన ఆకు తన రక్షణకోసం పుట్టించుకునే ద్రవ్యాలవల్ల ద్రాక్ష పరిమళం వస్తుంది. అస్సాం మైదానపు రెండో కోత చిక్కగా, మొలకెత్తించి వేయించిన ధాన్యపు వాసనతో నోరు నింపుతుంది. నీలగిరుల చలికాలపు టీ తేలికగా, సువాసనగా ఉంటుంది. నేల, ఎత్తు, వాన, చివరికి పురుగు కూడా నాలుక మీద చదవదగినవే. చదవడం వచ్చిన నాలుకను తప్పుపట్టవలసిన పనిలేదు.

తప్పుపట్టవలసింది ఆ నాలుకకు అంటిన హోదాను. మా సామర్లకోట జంక్షన్ దగ్గర గ్లాసులో పోసే టీకి తోట పేరు లేదు. అది అనేక తోటల సి.టి.సి. పొడి. ఆకును నలిపి, చీల్చి, ఉండచుట్టే ఆ యంత్రాన్ని మెకెర్చర్ 1930లలో అస్సాంలో రూపొందించాడు. కొద్ది పొడితో ఎక్కువ రంగు, ఎక్కువ కప్పులు రావడంవల్ల టీ రిక్షావాడికీ, కలాసీకీ అందింది. డికాషన్ ఏ క్షణాన దించాలో తెలిసిన టీకొట్టు మనిషిది కూడా నైపుణ్యమే. దాన్ని చులకన చేసేది రుచి కాదు, అంతస్తు.

ఇక డబ్బా మీద లేనిదేమిటో చూద్దాం. మంచి టీకి రెండాకులూ ఒక మొగ్గా మాత్రమే గిల్లాలి. ఆ నియమాన్ని కాపాడేది తోటలోని ఆడవాళ్ళ వేళ్ళు. ముదురాకు పడితే ఏ కొండగాలీ రుచిని నిలబెట్టలేదు. కిలో టీకి నాలుగు కిలోలకు పైగా పచ్చాకు కావాలి. 2021 డిసెంబరులో గౌహతి వేలంలో మనోహారి గోల్డ్ టీ కిలో 99,999 రూపాయలకు పోయింది. ఆ ఏడాది బ్రహ్మపుత్ర లోయలో తోట కూలీ రోజు కూలి 205 రూపాయలు. రేషను, ఇల్లు వంటివి వేరే ఉన్నాయనుకున్నా, ఆ ఒక్క కిలో ధర 487 రోజుల కూలిని మించిపోయింది. పుట్టినచోటును ఇంత గొప్పగా చాటే రసజ్ఞత స్థలాన్ని చెబుతోంది గాని శ్రమను చెప్పడం లేదు.

ఆ శ్రమలో మనవాళ్ళూ ఉన్నారు. గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి తెలుగు కూలీలు అస్సాం తోటలకు వెళ్ళారు. పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1865 నాటి చట్టం తోటదొరకే ఇచ్చింది.

డబ్బా వదిలేసిన ఈ ఖాళీని సాహిత్యం పూడ్చిందా? 1935లో లండనులో అభ్యుదయ రచయితల ప్రణాళికను రూపొందించినవారిలో ఒకరైన ముల్క్ రాజ్ ఆనంద్ 1937లో ‘టూ లీవ్స్ అండ్ ఎ బడ్’ నవల రాశాడు. పంజాబు రైతు గంగు ఆశపడి అస్సాం తోటకు చేరతాడు, భార్యను జ్వరానికి పోగొట్టుకుంటాడు, చివరికి దొర చేతిలో చస్తాడు. న్యాయస్థానం దొరను నిర్దోషి అంటుంది. తోటల్లో వైద్యుడిగా పనిచేసిన పి.హెచ్. డేనియల్ 1969లో ‘రెడ్ టీ’లో తమిళ కూలీల బతుకు చూపించాడు. కప్పులో కనిపించని మనిషిని ఈ నవలలు కనిపించేట్టు చేశాయి. ఆ గౌరవం వాటికి దక్కాలి.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆనంద్ నవల పేరు కూలీ పనితనానికి కొలమానం. కాని నవల బరువంతా గంగు దుఃఖం మీదా, జరిగిన అన్యాయం మీదా పడింది. కూలీ మనకు బాధితుడుగా గుర్తుండిపోతాడు, పనిమంతుడుగా కాదు. రుచి పండితుడికి ఆకు తెలుసు, మనిషి తెలియదు. మన నవలకు మనిషి తెలుసు, ఆ మనిషి చేతిలోని విద్య అంతగా తెలియదు. జాలి ఒక్కటే శ్రమకు గౌరవం కాదు. లేతాకును వేలితోనే గుర్తుపట్టే నేర్పు కూడా సంస్కృతిలో భాగమేనని గుర్తించినప్పుడు, దానికి తగిన కూలి ఇవ్వకపోవడం ఎంత పెద్ద దోపిడీయో పాఠకుడికి మరింత స్పష్టమవుతుంది.

ఇది టీకి మాత్రమే చెందిన మాట కాదు. వస్తువును మెచ్చుకుని శిల్పాన్ని రుచి చూడని విమర్శ మనలో ఉంది. శిల్పాన్ని చప్పరించి, ఆ జీవితం ఎవరిదని అడగని విమర్శ అవతల ఉంది. రెండూ సగాలే. వలస కూలీ గురించి రాయబోయే యువ రచయిత అతని ఆకలిని రాసినంత శ్రద్ధగా అతని పనిని కూడా తెలుసుకుని రాయాలి. విద్యార్థి ఒక కథను చదివితే దాని రుచి చెప్పగలగాలి, ఆ రుచి ఎవరి చేతినుంచి వచ్చిందో కూడా చెప్పగలగాలి. భరతుడి పంక్తిలో వండినవాడికి ఆకు వెయ్యడం అభ్యుదయ విమర్శ చెయ్యవలసిన పని.