డార్జిలింగ్‌కు కాపలా ఉంది, గద్వాలకో?

గద్వాల చీరకూ డార్జిలింగ్ తేయాకుకూ రక్షణ ఇస్తున్నది ఒకే చట్టం, 1999 నాటి భౌగోళిక గుర్తింపుల (జీఐ) చట్టం. అందులో మొదట నమోదైంది డార్జిలింగ్, గద్వాల తర్వాత చేరింది. దేశం దాటాక మాత్రం ఈ రెండు పేర్ల బతుకులు వేరు.

డార్జిలింగ్ వెనక టీ బోర్డు ఉంది. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఆ పేరుతో ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టినా కనిపెట్టమని 1998లోనే ఒక నిఘా సంస్థను పెట్టుకుంది. 2006లో అమెరికాలో 'డార్జిలింగ్ నువో' పేరును అడ్డుకుంది. 2011లో యూరప్‌లో ఆ పేరుకు భౌగోళిక రక్షణ దొరికింది. అయినా ఫ్రాన్స్‌లో 'డార్జిలింగ్' పేరుతో ఆడవాళ్ల లోదుస్తులు అమ్మే కంపెనీ ట్రేడ్‌మార్కు మీద నడిచిన కేసులో 2017లో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం బోర్డు అప్పీలును కొట్టేసింది. తేయాకుకూ లోదుస్తులకూ పోలిక లేదన్నారు. ఇంత బలమున్న పేరే అక్కడ ఓడింది.

ఇక మన చీర. నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటును వెనక్కి తిప్పి చూడండి. ఒంటి పేక, అంచు పేక ఒకదాన్నొకటి పట్టుకుని మలుపు తిరుగుతాయి. దీన్ని కుట్టు అంటారు. మూడు నాడెలు కావాలి, పక్కన ఇంకో చెయ్యి కావాలి. మరమగ్గం నకలులో ఈ మలుపు ఉండదు, పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పోతుంది. 'గద్వాల్ బోర్డర్' అని రాసిన ఆన్‌లైన్ ఫొటోలో వెనకవైపు ఎవరు చూపిస్తారు? డల్లాస్‌లో కొనే తెలుగింటి ఆడపడుచుకు అది తెలిసే దారేది?

1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఇలాంటి చీరలను మరమగ్గం మీద నేయకూడదంటుంది. ఆ చట్టం ఇక్కడ సరిగ్గా అమలైతేనే బయట మన మాట చెల్లుతుంది. ఎందుకంటే సొంత దేశంలో రక్షణ లేని, లేదా వాడుక పోయిన భౌగోళిక గుర్తింపును కాపాడే బాధ్యత తమకు లేదని ఇతర దేశాలు చెప్పే వీలు మేధో సంపత్తి హక్కుల మీది అంతర్జాతీయ ట్రిప్స్ ఒప్పందంలోనే ఉంది. మన జీఐ పత్రం దానంతటది అమెరికాలో పనిచేయదు కూడా. అక్కడి ట్రేడ్‌మార్కు చట్టం కింద సర్టిఫికేషన్ మార్కు వేరుగా తీసుకోవాలి.

నా దృష్టిలో రెంటికీ అసలు తేడా కీర్తిలో లేదు, తిరుమలేశుడికి బ్రహ్మోత్సవాల పంచెలు పంపే గద్వాలకు కీర్తి తక్కువేం కాదు. తేడా, రోజూ కనిపెట్టే మనిషిలో ఉంది. ఈ చీరలు నేసే రాజోలిలోనో అమరచింతలోనో మగ్గం మీద కూర్చున్నాయన న్యూజెర్సీలో వకీలును పెట్టుకోలేడు. జీఐ చట్టం కింద అధీకృత వినియోగదారుగా ఆయన పేరు నమోదు చేయించి, చీర మగ్గం దిగేటప్పుడే దానికి గుర్తింపు చీటీ కట్టి, అమెరికా దరఖాస్తు ఖర్చు చేనేత శాఖ భరించాలి.