లూప్‌లో నిలిపిన బండి

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక కాగితం. మా వీధి చివరి క్వార్టర్‌లో ఉండే అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరి, మొదటి సెమిస్టర్ సబ్జెక్టుల పట్టీ పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగు పిల్లలు కాలేజీలో చేరగానే నా దగ్గరకు రావడం, నేను స్కేలూ పెన్సిలూ తీసి వాళ్ల చదువుకు టైంటేబుల్ గీయడం ఎప్పటినుంచో ఉన్నదే. ముప్పయ్యేళ్లు బయాలజీ చెప్పిన చెయ్యి ఊరుకోదు.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన సిలబస్ అది. అనాటమీకి 60 గంటలు, ఫిజియాలజీకి 60. బాగానే ఉంది. సోషియాలజీకీ 60, సైకాలజీకీ 60! ఇంగ్లిషుకు మరో 40. నా పట్టుదల ఒకటే. మొదటి ఏడాది అన్నీ ముందేసుకుని తడబడే కంటే రెండు పుస్తకాలు గట్టిగా పట్టాలి. ఎముక పేరు రానివాళ్లకు వైద్యం రాదు. ఈ మాట ఈ శీర్షికలోనే ఎన్నిసార్లు రాశానో.

"అత్తా, కుటుంబమంటే ఏటి, కులమంటే ఏటి అని చదివితే ఇంజక్షన్ ఇవ్వడం వస్తాదా?" అంది ఆ పిల్ల. నాకూ అదే అనిపించింది. తెల్లవారుజామున అనాటమీ, రాత్రి ఫిజియాలజీ రాసి, సోషియాలజీని ఆదివారం మధ్యాహ్నానికి తోశాను. "దీన్ని లూప్‌లో పెట్టేద్దాం" అన్నాను.

అన్న మరుక్షణం నాన్న గుర్తొచ్చారు.

తాతయ్య బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చారు. నాన్న సెక్షన్ కంట్రోలర్ అయ్యారు. ఆయన చార్టు మీద అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో వాలు గీత. గీత నిటారుగా లేస్తే బండి జోరుమీదున్నట్టు, వాలితే నెమ్మదిగా వస్తున్నట్టు, అడ్డంగా సాగితే ఎక్కడో ఆగిపోయినట్టు. కోర్బా బొగ్గు బళ్లు, హౌరా ముంబయి మెయిళ్లు, వాటి మధ్య అకల్‌తరా, నైలా, చాంపా అంటూ ప్రతిచోటా ఆగే ప్యాసింజరు. మెయిలుకు దారి ఇవ్వాలంటే ప్యాసింజరును లూప్ లైన్లో నిలపక తప్పదు. డ్యూటీ అప్పగించేటప్పుడు మాత్రం నాన్న ముందుగా చెప్పేది లూప్‌లో ఏ బండి ఎంతసేపటినుంచి ఉందన్నదే. అన్నం కలుపుకుంటూ అనేవారు: "బొగ్గు ఆలస్యానికి ఏడవదమ్మా. ప్యాసింజర్‌లో పురిటికి పోతున్న మనిషి ఉండొచ్చు."

నేను లూప్‌లో పెట్టిన పుస్తకంలో ఎవరున్నారా అని ఆలోచిస్తుంటే ఆ రాత్రి నాకు గనియారి గుర్తొచ్చింది. ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులు నడుపుతున్న ఆస్పత్రి ఉన్న ఊరు. 2004 నుంచి 2009 దాకా అక్కడ వైద్యం పొందిన 1,695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగుల బరువులను వాళ్లు 2013లో ప్రచురించారు. మగవాళ్ల మధ్యస్థ బరువు 42.1 కిలోలు. ఆడవాళ్లది 34.1. ఎదిగిన ఆడమనిషి బరువు అది. తర్వాత జార్ఖండ్‌లో పరిశోధకులు క్షయ రోగుల ఇళ్లకు తిండి సామగ్రి అందించి చూశారు. ఆ ఇళ్లలో మిగిలినవాళ్లకు కొత్తగా క్షయ జబ్బు రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్‌లో వచ్చింది.

ఎముకలన్నీ కంఠతా వచ్చిన నర్సు ఆ 34 కిలోల మనిషి ముందు కూర్చుంటే ఏం అడుగుతుంది? ఇంట్లో ఆఖరున తినేదెవరు? రేషన్ కార్డు ఉందా? ఆస్పత్రికి వస్తే ఆనాటి కూలి పోయినట్టేనా? నేను ఆదివారం మధ్యాహ్నానికి తోసేసిన పుస్తకం నేర్పేవి ఈ ప్రశ్నలే. మనుషులున్న బండినే లూప్‌లో పెట్టి మరిచిపోబోయాను.

రెండు పుస్తకాలు చాలన్న మాటను ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. మర్నాడు రబ్బరు తీసి గీతలు చెరిపాను. పొద్దున ఆరింటికి అనాటమీ, దాని వెన్నంటే ఏడింటికి సోషియాలజీ. ఊపిరితిత్తుల పాఠం చదివిన రోజే కుటుంబం పాఠం. రెండో సెమిస్టర్‌లో పోషకాహారం వచ్చినప్పుడు దానికీ పొద్దుటి వేళే.

"అత్తా, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ అయిపోనాది. ఏటి రాయమంటావ్?"

ఇక్కడే పుట్టిన పిల్ల. ఇంట్లో తెలుగు, బయట హిందీ. ఛత్తీస్‌గఢీ సరిగా రాదు. పల్లెనుంచి వచ్చిన ముసలమ్మ "మూడ్ పిరాథే" అంటే తల నొప్పిగా ఉందనుకోవాలి. ఎం.బి.బి.ఎస్. పిల్లలకు మొదట్లోనే పెట్టే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పడం ఉంది. ఈ పట్టీలో ఇంగ్లిషుకు 40 గంటలున్నాయి గానీ ఛత్తీస్‌గఢీకి గడి లేదు.

"బుధవారీ బజార్ అని రాయి" అన్నాను. "కూరలమ్మే ఆడవాళ్ల పక్కన గంటసేపు కూర్చో. వాళ్లు చెప్పింది విను."