ఎనిమిదా, ఇరవయ్యా?

లక్ష్మీనరసింహారెడ్డి అన్న పేరులో ఎన్ని అక్షరాలున్నాయని కడపలో ఏ బడిపిల్లనడిగినా వేళ్ల మీద లెక్కపెట్టి 8 అని చెబుతుంది. అదే పేరును వెబ్ పేజీలో టైపు చేసి, పేజీని నడిపే జావాస్క్రిప్టునడిగితే 20 అంటుంది. హల్లు, పొల్లు, గుణింతం గుర్తు, సున్నా దానికి వేటికవే. కంటికి ఒక్కటిగా కనిపించే ‘క్ష్మీ’ దాని లెక్కలో 6.

పేరు రాసే గడికి 15 అక్షరాలు చాలులే అనుకుని పేజీ కట్టినవాళ్లు హద్దు పెడతారు. ఆ గడిలో ఈ పేరు ‘లక్ష్మీనరసింహార’ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ మీట నొక్కినా పడదు. ఏడురోడ్ల చుట్టుపక్కల నెట్ సెంటర్లలో దరఖాస్తులు నింపే కుర్రవాళ్లకు ఇది కొత్త కాదు. “తెలుగులో పట్టలేదన్నా, ఇంగ్లీషులో కొట్టేస్తా” అని పని కానిస్తారు. ఇంకో రకం గడి ఉంటుంది, ‘అక్షరాలు మాత్రమే రాయాలి’ అని ఎర్రగా హెచ్చరించేది. కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్ వర్గీకరణ ప్రకారం ఈ 20లో అక్షరాలు 11 మాత్రమే, మిగతా 9 గుర్తులు. గుర్తులకూ చోటివ్వాలని నిబంధనలో రాయకపోతే శ్రీను, పద్మ కూడా చెల్లని పేర్లయిపోతాయి. పేజీ కట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. పరీక్షకని వాళ్లు కొట్టి చూసిన పేరు ఇంగ్లీషులో ఉంది.

ఈ లెక్క మెల్లగా దారికొస్తోంది. రాతను మనిషి చదివినట్టు అక్షరం అక్షరంగా విడదీసే ‘సెగ్మెంటర్’ అనే సదుపాయం క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2021లో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2024 ఏప్రిల్‌లో 125వ వెర్షన్‌తో అందుకుంది. సదుపాయం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎక్కడికి ఒక అక్షరం పూర్తయినట్టో చెప్పే నియమం యూనికోడ్‌ది. పాత నియమంలో పొల్లు దగ్గర అక్షరం తెగేది. క్, ష్, మీ మూడు ముక్కలయ్యేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలను తెంచకూడదని కొత్త నియమం చేర్చారు. పొరుగున బళ్లారిలో రాసే కన్నడానికి ఆ జాబితాలో చోటు రాలేదు. కొత్త నియమం ఎక్కిన బ్రౌజర్లో లక్ష్మీనరసింహారెడ్డి ఎట్టకేలకు 8 అక్షరాలు.

ఇలాంటి కబురుకు పత్రికల్లో శీర్షిక దొరకదు. శీర్షికలన్నీ వేరేవాటివి. 2025 ఆగస్టులో పర్‌ప్లెక్సిటీ సంస్థ 3,450 కోట్ల డాలర్లిచ్చి క్రోమ్‌ను కొంటామంది. సెప్టెంబరు 2న వాషింగ్టన్‌లో గూగుల్ గుత్తాధిపత్యం కేసులో న్యాయమూర్తి అమిత్ మెహతా, గూగుల్ క్రోమ్‌ను అమ్మనక్కర్లేదని తీర్పిచ్చారు. అక్టోబరులో ఓపెన్‌ఏఐ ‘అట్లాస్’ అనే సొంత బ్రౌజర్‌ను తెచ్చింది. పేజీ చదివి సారాంశం చెప్పే బ్రౌజర్లు మంచివే, కాదనేదేం లేదు. కానీ తెలుగువాళ్ల కోసం పేజీలు కట్టేవాళ్లు బ్రౌజర్ వార్తను తూచాల్సిన తూనిక వేరు. తెలుగు పేరు పూర్తిగా పడుతుందా? ఒత్తు తెగకుండా కనిపిస్తుందా? తప్పు దొరికితే దిద్దించుకునే తోవ ఉందా?

ఒత్తు సంగతి తెలియాలంటే ‘రాష్ట్రం’ అన్న మాటను ఒక బటన్ మీద పెట్టి చూడాలి. ష కింద ట ఒత్తు, ర ఒత్తు రెండూ దిగుతాయి. ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 రెట్ల వరుస ఎత్తు సరిపోతుంది. తెలుగు పేరాకు 1.6 నుంచి 1.8 దాకా ఇవ్వకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడి రెండూ చదవరాకుండా పోతాయి. బటన్ ఎత్తును 32 పిక్సెళ్లకు బిగించి, దాటిందాన్ని దాచెయ్యమని పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో రాస్తే ఒత్తుల అడుగు తెగుతుంది. మొత్తం తెగితే రాష్ట్రం ‘రాషం’ అవుతుంది. ఎత్తు బిగించకుండా కనీస ఎత్తు చెప్పి, పైనా కిందా కాస్త ఖాళీ వదిలితే సరిపోయే పని ఇది.

ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. చిక్కల్లా కొలతల్లో ఉంది. ఇంగ్లీషు ఫాంటు పక్కన పెట్టేసరికి కొన్ని తెలుగు ఫాంట్లు నలిగిపోయినట్టు చిన్నగా కనిపిస్తాయి. ‘సైజ్ అడ్జస్ట్’ అనే సీఎస్‌ఎస్ వరుసతో తెలుగు ఫాంటును మాత్రమే 115 శాతానికో 120 శాతానికో పెంచుకోవచ్చు. క్రోమ్‌లో అది 2021లో వచ్చింది, సఫారీలో వచ్చేసరికి 2023 అయింది. ఆ రెండేళ్లూ ఐఫోన్‌లో చదివేవాళ్లకు ఆ వరుస పని చెయ్యలేదు.

ఐఫోన్ మాట వచ్చింది కాబట్టి 2018 ఫిబ్రవరిని తలచుకోక తప్పదు. ‘కర్నూల్‌లో’ అని టైపు చేసేవాళ్లు ల కింద ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి పెడతారు. పెట్టకపోతే ‘కర్నూల్లో’ అవుతుంది. తెలుగు టైపు చేసేవాళ్లకు రోజూ అవసరమయ్యే గుర్తే అది. జ, పొల్లు, ఞ, తర్వాత ఆ కనిపించని గుర్తు, ఆపైన దీర్ఘం ఈ వరుసలో వచ్చిన ముక్క ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కు చేరితే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కూలేది. మామూలు ‘జ్ఞానం’తో ఏమీ అయ్యేది కాదు, అందులో ఆ గుర్తు లేదు కనుక. తెలుగు అక్షరం ఐఫోన్‌ను పడగొడుతోందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. తప్పు తెలుగుది కాదు, అక్షరాలను పేర్చే ఆపిల్ ‘కోర్ టెక్స్ట్’ది. అప్పుడు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఆ వరుసను ముక్కముక్కగా విడదీసి, బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇదే జరుగుతుందని చూపించారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది.

అదే సందేశం ఆండ్రాయిడ్ ఫోన్లో మామూలుగా కనిపించింది. అక్కడ అక్షరాలను పేర్చేది ‘హార్ఫ్‌బజ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. రెండు వేర్వేరు చేతులు అదే రాతను పేర్చడం వల్లే తప్పెక్కడుందో ఇట్టే తేలింది. పేజీని తెర మీద గీసే బ్రౌజర్ ఇంజిన్లు ఒక్కటొక్కటే తగ్గిపోతుంటే ఆందోళన పడాల్సింది ఇందుకే. ఒపేరా 2013లోనే సొంత ఇంజిన్ వదిలేసింది. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ కూడా 2020 జనవరిలో ఎడ్జ్‌ను క్రోమ్‌కు పునాదైన గూగుల్ వాళ్ల క్రోమియం మీదికి మార్చింది. ఆ నాదెళ్లే 2023 అక్టోబరులో అదే అమిత్ మెహతా కోర్టులో సాక్ష్యమిస్తూ, అందరిదీ అంటున్న వెబ్ నిజానికి గూగుల్ వెబ్ అన్నారు. జోహో సంస్థ వాళ్ల ‘ఉలా’ స్వదేశీ బ్రౌజర్‌గా పేరు తెచ్చుకుంది. కేంద్రం పెట్టిన దేశీయ బ్రౌజర్ పోటీలో 2025 మార్చిలో జోహోకే మొదటి బహుమతి వచ్చింది. సంతోషమే. అయితే ఉలా లోపల ఉన్నదీ క్రోమియమే, అందులో తెలుగును పేర్చేదీ హార్ఫ్‌బజ్జే. ఐఫోన్‌లో కథ తిరగబడుతుంది. క్రోమ్ బొమ్మ నొక్కినా లోపల నడిచేది ఆపిల్ ఇంజిన్ వెబ్‌కిట్. ఐరోపా సమాఖ్యలో 2024 మార్చి నుంచి వేరే ఇంజిన్లకు అనుమతి ఉంది. మన దేశానికి ఆ వెసులుబాటు అప్పుడు రాలేదు.

తెలుగు విషయంలో బ్రౌజర్ వెనకబడ్డప్పుడు దాన్ని ముందుకు తోసినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో ఈనాడు, వార్త లాంటి పత్రికలు వెబ్‌లో ఎవరి ఫాంటు వారు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ నిండా అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే కనిపించేవి. వెతుకుదామన్నా మాట దొరికేది కాదు. వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాసి, ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిందీ ఆయనే. జీతం కోసం చేసిన పని కాదది. ఇవాళ తెలుగులో వెతికి తెలుగులో చదువుతున్న ప్రతి ఒక్కరూ ఆ తరానికి రుణపడి ఉన్నారు.

కడప జిల్లా రాతి మీద కనిపించే అక్షరం ఒకటుంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం దొరికింది. సుమారు క్రీ.శ. 575 నాటిదనీ, మొత్తం తెలుగులోనే ఉన్న శాసనాల్లో తొలిదనీ పండితులు చెబుతారు. అందులో ‘ఴ’ అనే అక్షరం ఉంది, తర్వాత కాలంలో వాడుకలోంచి జారిపోయింది. రాయి మీద పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఉన్న ఈ అక్షరానికి తెలుగు విభాగంలో యూనికోడ్ చోటిచ్చింది 2014లో, 7.0 వెర్షన్‌లో. అంతకు ముందు శాసన పాఠాన్ని ఉన్నదున్నట్టు వెబ్ పేజీలో పెట్టాలంటే ఆ ఒక్క అక్షరాన్ని బొమ్మగా అతికించాలి, లేదా ళ అని రాసి సర్దుకోవాలి. ఫాంటు పాతదైతే ఇప్పటికీ అక్కడ డబ్బా కనిపిస్తుంది. శాసనాల మీద పేజీ కట్టేవాళ్లు ఫాంటును కూడా పేజీతోపాటే పంపాలి, చూసేవాళ్ల ఫోన్‌ను నమ్ముకోకూడదు.

ఫోన్ల సంగతి మరీ పట్టించుకోవాలి. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ ఎన్నో ఇళ్లలో మొదటి ఇంటర్నెట్ అయింది. 240 పిక్సెళ్ల వెడల్పు తెర, మొజిల్లా వదిలేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి పుట్టిన కైఓఎస్, లోపల 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజిన్. పేజీని గళ్లుగా అమర్చే సీఎస్‌ఎస్ గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది 2017 మార్చిలో, 52వ వెర్షన్‌కు. అంటే కొత్త ఫోన్ కొన్నరోజే అందులోని బ్రౌజర్‌కు గ్రిడ్ తెలియదు. అలాంటి ఫోన్లోనూ పేరా పేరాగా చదవగలిగేలా కట్టి, పైహంగులు కొత్త బ్రౌజర్లకు మాత్రమే ఇవ్వడం తెలిసినవాళ్ల పద్ధతి. ఖర్చు పెద్దగా ఉండదు, ఓపిక కావాలి.

తప్పు కనిపించినప్పుడు ఊరుకోకుండా చెప్పడం ఆ ఓపికలో భాగమే. క్రోమియం, మొజిల్లా, వెబ్‌కిట్ మూడింటికీ తప్పులు నమోదు చేసే జాబితాలు బయటివాళ్లకు తెరిచే ఉన్నాయి. ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అంటే అవతలి ఇంజనీరుకు ఏమీ తెలియదు, ఆయనకు తెలుగు చదవడం రాదు. మాటను ఫొటోగా మాత్రమే కాక రాతగానూ పంపాలి. ఫాంటు పేరు, బ్రౌజర్ వెర్షన్, ఫోన్ వివరం చెప్పాలి. వచ్చిన రూపం, రావాల్సిన రూపం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాలి. తప్పు తప్ప ఇంకేమీ లేని పది వరుసల పేజీ ఒకటి జతచెయ్యాలి. మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. ప్రొద్దుటూరు, సిద్ధవటం, ఎర్రగుంట్ల, ఒంటిమిట్ట అన్నింటిలోనూ ఒత్తులున్నాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బృందాలు కలిసి వాడుకునే ‘వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్’ అనే పరీక్షల కట్ట ఒకటుంది. పంపిన పేజీ అందులో చేరితే, ఎర్రగుంట్లలో ట కింద ల ఒత్తు ఎక్కడ తప్పిందో మూడు బృందాలకూ వాళ్ల పరీక్షల్లోనే తెలుస్తుంది.