ఏది ఫాస్ట్ అని అడిగిన కుర్రాడికి

కళ్యాణదుర్గం నుంచి వెళ్ళి డల్లాస్ దగ్గర స్థిరపడిన ఒక కుర్రాడు ఈ వారం ఈ కాలమిస్టుకు రెండు తుపాకుల ఫోటోలు పంపాడు. ఒకటి బెరెట్టా ఏ400, ఇంకొకటి బెనెల్లీ. రెండూ ఇటలీవే, రెండూ 12 బోరు సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లే. టెక్సాస్‌లో ఆ పక్క సెప్టెంబరు 1న గువ్వల వేట మొదలవుతుంది. వారాంతాల్లో స్నేహితులతో కొత్తగా క్లే షూటింగ్‌కు కూడా పోతున్నాడట. ఫోటోల కింద ఒకటే ప్రశ్న: "మామా, రెండిట్లో ఏది ఫాస్ట్?"

చిరాకు తెప్పించింది ఆ చివరి మాటే. పనిముట్టు కొనేవాడు వేగం సంగతి అన్నిటికన్నా చివర అడగాలని ఈ కాలమ్ ఎన్నిసార్లో రాసింది. మొదట అడగాల్సింది, దీన్ని విప్పి తుడిచేది ఎవరు, తుడవకపోతే ఏమవుతుంది అని.

పైగా ఆ కుర్రాడికి వేగంతో పనే లేదు. గువ్వ వలస పక్షి కిందికి వస్తుంది. వలస పక్షుల వేటలో తుపాకీలో మూడు తూటాలకు మించి ఉండకూడదని అమెరికా ఫెడరల్ నిబంధన 1935 నుంచీ ఉంది. అందుకే మ్యాగజైన్ గొట్టంలో ఒక పుల్ల అడ్డం పెట్టి అమ్ముతారు. క్లే షూటింగ్‌లో ఒక రకమైన ఒలింపిక్ ట్రాప్ అర్హత పోటీలో అయితే ఎగిరే ఒక్కో బిళ్ళకు రెండు తూటాలే. ఆ బిళ్ళ పేరుకే మట్టిది. తారు, సున్నపురాయి పొడి కలిపి పోసిన 110 మిల్లీమీటర్ల పళ్ళెం అది. ఎగిరి అందకుండా పోయేలోపు ఆ రెండు దెబ్బలూ కొట్టడానికి ఏ మంచి తుపాకీ అయినా సరిపోతుంది.

అసలు తేడా లోపలి పనిలో ఉంది. బెరెట్టా ఏ400 గ్యాస్ మీద నడుస్తుంది. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత, గొట్టానికున్న చిన్న రంధ్రాల గుండా వచ్చి పిస్టన్‌ను నెడుతుంది. అది బోల్టును వెనక్కి తోసి, ఖాళీ తూటాను బయటికి విసిరి, కొత్తదాన్ని ఎక్కిస్తుంది. ఆ వాయువుతోపాటు మసి కూడా లోపలికి చేరుతుంది. బెనెల్లీ దారి వేరు. తుపాకీ మొత్తం భుజం మీదికి తన్నుకొచ్చినప్పుడు బరువైన బోల్టు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఆ క్షణంలో మధ్యలో ఉన్న స్ప్రింగు అణిగి, విడిపోతూ బోల్టును వెనక్కి తోస్తుంది. వాయువు లోపలికి రాదు, మసి తక్కువ, భాగాలూ తక్కువే. తుడిచేవాడి వైపు నుంచి చూస్తే బెనెల్లీకే ఓటు. ఈ కాలమ్ పాత పట్టుదల ప్రకారం జవాబు అక్కడితో అయిపోవాలి.

ఆ పట్టుదల పుట్టింది కళ్యాణదుర్గం చేలల్లోనే. అడవి పందుల కాపలాకు ఒక పెద్దాయన తెచ్చుకునే మందు తుపాకీని ఈ కాలమిస్టు చిన్నతనంలో దగ్గరి నుంచి చూశాడు. ముందు గొట్టం మూతి నుంచి కొలిచి మందు పోసేవాడు. దాని మీద కొబ్బరి పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించేవాడు. దట్టింపు చాలినప్పుడు కడ్డీ చేతిలోంచి ఎగిరి పైకి వచ్చేది, అదే ఆయనకు గుర్తు. గుళ్ళు వేసేవాడు కాదు, మోత చాలనేవాడు. మందును అంటించే క్యాపు మాత్రం జేబులోనే ఉండేది, చెనక్కాయ చేలో చప్పుడు వినిపించాకే పెట్టేవాడు. ఒక్కటే దెబ్బ, ఆ రాత్రికి పందులు మళ్ళీ అటు వచ్చేవి కావు. కాల్చిన రాత్రే వేడి నీళ్ళు పోసి గొట్టం కడగాలి, ఆరబెట్టి నూనె రాయాలి. తుపాకీ మందు మసి తేమను లాగుతుంది కాబట్టి, రెండు రోజులు వదిలేస్తే లోపల తుప్పు పట్టి ఇనుము పలచబడుతుంది. పలచబడిన గొట్టం పగిలితే ముందు పోయేవి కాల్చినవాడి వేళ్ళే.

ఆ తుపాకీ ఎక్కడో మూలన పడి ఉన్న పాత వస్తువేమీ కాదు, చట్టంలోనే దానికి చోటుంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం పంట కాపుదలకు రైతుకు మొదట దక్కేది మూతి నుంచి మందు దట్టించే ఈ తుపాకీయే. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలిగితే, 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న మామూలు షాట్‌గన్ ఇవ్వొచ్చు. టెక్సాస్ కుర్రాడు షాపులో కొనే సెమీ ఆటోమేటిక్ మన దగ్గర ఆ లెక్కలోకే రాదు.

లైసెన్సున్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు కూడా రాదు. 1972 వన్యప్రాణి చట్టం మన దగ్గర వేటను ఆపేసింది, ఆపడం న్యాయమే. కృష్ణజింక ఈ మాత్రమైనా మిగిలిందంటే అందుకే. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదమని అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే దాని మీద తుపాకీ ఎత్తాలి. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించింది. టెక్సాస్‌లోనైతే భూమి యజమాని ఒప్పుకుంటే చాలు, 2019 నుంచి ఊర పందుల సంతతి మీద వేట లైసెన్సు కూడా అడగడం లేదు. ఇక్కడ అనుమతి కాగితం వచ్చేలోపు చేను దున్నేసినట్టు అవుతుంది. విసిగిపోయినవాడు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. ఆ తీగకు పంది ఒకటే కాదు, ఎలుగుబంటీ పడుతుంది, తెల్లవారి నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క రైతూ పడతాడు. మోతతో బెదిరించే ఆ పెద్దాయన పద్ధతిని ఈ కాలమ్ ఇన్నిసార్లు మెచ్చుకునేది అందుకే.

అయితే ఆ పద్ధతి రాత్రికి ఒక్క దెబ్బ కాల్చేవాడిది. క్లే షూటింగ్‌లో ఒక రౌండు అంటే 25 బిళ్ళలు. నాలుగు రౌండ్లు ఆడితే వంద బిళ్ళలు, రెండో దెబ్బలు కలిపితే తూటాలు ఇంకా ఎక్కువే. ఏడాదిలో గువ్వల మీద కాల్చేవి కొన్నే, బిళ్ళల మీద కాల్చేవే వేలల్లో ఉంటాయి. అలాంటప్పుడు తుడిచే చెయ్యి కన్నా ముందు ఆలోచించాల్సింది భుజం గురించే. దెబ్బ తగులుతుందని భుజానికి ముందే తెలిసిపోతే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుంటుంది, తల పైకి లేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ జంకు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం. గ్యాస్ తుపాకీ ఆ తన్నును సాగదీసి మెత్తబరుస్తుంది. తేలికైన బెనెల్లీలో అది పదునుగానే తగులుతుంది. పైగా ట్రాప్‌లో వాడే 24 గ్రాముల తేలిక తూటాతో స్ప్రింగు అణగక కొన్ని మొరాయిస్తాయి కూడా. మసి తుడవడం ఒక సాయంత్రం పని. కాబట్టి పాత పట్టుదలను పక్కన పెట్టి, ఆ కుర్రాడికి ఈ కాలమ్ చెప్పేది గ్యాస్ తుపాకీ కొనమనే.

మరి పోటీల్లో ఎవరి చేతిలోనూ అది కనబడదేం అని అతను అడుగుతాడు, అడగాలి కూడా. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ నిలబడే వరుసలో దాదాపు అందరివీ ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలున్న తుపాకులే. సెమీ ఆటోమేటిక్‌కు నిబంధనల్లో అడ్డు లేదు. కానీ రెండు గొట్టాల మూతులకు రెండు రకాల బిగింపులు, అంటే చోకులు, పెట్టుకోవచ్చు, మొదటి దెబ్బ దగ్గరికి, రెండోది దూరానికి. ఖాళీ తూటా పక్కవాడి ముఖం మీదికి ఎగరదు. మధ్యకు విరిచి చేతి మీద వేసుకుంటే, లోపల ఏమీ లేదని పది అడుగుల దూరం నుంచే కనబడుతుంది. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను లోకానికి ఇచ్చిన జాన్ బ్రౌనింగ్ కథ కూడా ఇటే తిరిగింది. రాయల్టీ దగ్గర వించెస్టర్ కంపెనీతో తెగక, 1902 జనవరిలో ఆయన రెమింగ్టన్ అధ్యక్షుడిని కలవడానికి వెళ్ళాడు. ఆఫీసులో ఎదురుచూస్తుండగానే ఆ అధ్యక్షుడు గుండెపోటుతో పోయాడని తెలిసింది. తుపాకీని బెల్జియం తీసుకెళ్ళి ఎఫ్ఎన్ కంపెనీలో చేయించాడు, అదే ఆటో-5. 1926లో అదే కంపెనీలో ప్రాణం పోయేనాటికి ఆయన చేతిలో ఉన్న పని మాత్రం రెండు గొట్టాల తుపాకీ. దాన్ని కొడుకు వాల్ పూర్తి చేశాడు.

బిళ్ళలొక్కటే అయితే ఈ కాలమ్ కూడా రెండు గొట్టాలదే కొనమనేది. గువ్వలూ బిళ్ళలూ ఒకే తుపాకీతో, అదీ కొత్త భుజంతో అన్నాడు కనుక గ్యాస్‌దే. దాంతోపాటు రెండు పనులు కూడా అప్పజెప్పింది. రేంజ్‌లో బోల్టు ఎప్పుడూ వెనక్కి లాగి ఉంచాలి, తూటా గదిలో రంగు జెండా పెట్టాలి, అడగకుండానే పక్కవాడికి ఖాళీ అని కనబడాలి. కొనేముందు రెండు తుపాకులూ అద్దెకు తీసుకుని, ఒక్కోదానితో ఒక రౌండు ఆడాలి. ఆడిన మర్నాడు పొద్దున భుజం ఎలా ఉందో చూసుకుని అప్పుడు ఫోన్ చెయ్యాలి.