పిండి మాట వినాలంటే

సాయంత్రం ఆరున్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సు దిగితే ముందు చెవిన పడేవి హారన్లే. వరంగల్ బస్సు, యాదగిరిగుట్ట బస్సు, మధ్యలో ఆటోవాళ్ల "బోడుప్పల్, బోడుప్పల్" కేకలు. 2023లో తెరిచిన స్కైవాక్ ఎక్కి మెట్రో వైపు వెళ్లిపోయేవాళ్లకు ఇంకేమీ వినపడదు. ఎక్కకుండా కిందనే నాలుగడుగులు వేస్తే హారన్ల అడుగున మరో చప్పుడు ఉంటుంది. టప్, టప్, టప్. చిన్న విరామం. మళ్లీ టప్, టప్. తోపుడుబండి పక్కన పీట వేసుకుని ఒకామె జొన్న రొట్టె కొడుతూ ఉంటుంది.

నాచారంలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. ఆ చప్పుడు పక్కనుంచి ఎన్ని వందల సాయంత్రాలు నడిచిపోయానో లెక్కలేదు. ఆగి చూడాలన్న బుద్ధి పుట్టింది మాత్రం కంబోడియా వెళ్లొచ్చాక. చెప్పుకోవడానికి కాస్త సిగ్గే.

అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి వెళ్లి సియెమ్ రియప్‌లో దిగాం. గుళ్ల మధ్యలో ప్రెయా డాక్ అనే ఊరు ఉంది. అక్కడి నొమ్ బాన్‌చొక్ తినకుండా వెళ్లొద్దని మమ్మల్ని తిప్పిన డ్రైవరు పట్టుబట్టాడు. బియ్యపు పిండితో చేసిన సన్నటి సేమియా లాంటి పోగులు, వాటి మీద చేపతో, పసుపుతో, నిమ్మగడ్డితో కాచిన పలచటి పులుసు, పైన పచ్చి అరటిపువ్వు తరుగు, దోసకాయ ముక్కలు, పేరు తెలియని నాలుగు రకాల ఆకులు. కంబోడియాలోని ఖ్మేర్ జనం దీన్ని ఎక్కువగా పొద్దున్నే తింటారు, మనం ఇడ్లీ తిన్నట్టు. రుచి బాగుంది. కానీ నన్ను పట్టి నిలబెట్టింది గిన్నె కాదు, వెనకాల పెరట్లో జరుగుతున్న పని.

బియ్యం నానబెట్టి రుబ్బుతారు. ఆ పిండిని గుడ్డ సంచిలో పోసి రాళ్ల బరువు పెట్టి నీళ్లు పిండేస్తారు. ఇంతవరకు మన అరిసెల పిండి, వడియాల పిండి చూసినవాళ్లకు వింతేమీ లేదు. ఆ తర్వాత ఆ ముద్దను అలాగే మరిగే నీళ్లలో వేశారు. పైపొర ఉడికి, లోపల పచ్చిగా ఉండగానే తీసి, కాలితో తొక్కితే లేచి పడే పెద్ద రోకలి కింద దంచారు. ఉడికిందీ, పచ్చిదీ కలిసి ఒకే ముద్ద అయ్యేదాకా దంచి, మళ్లీ పిసికి, చిల్లుల గొట్టంలో పెట్టి మరిగే నీళ్లలోకి ఒత్తారు. మన జంతికల గొట్టానికి పెద్దన్న అనుకోండి. వండాల్సిన దాన్ని ముందే సగం వండటం ఎందుకని సైగలతో అడిగాను. ఆ ఇంటావిడ నవ్వి, రెండు చేతులతో దారం తెంపినట్టు చూపించింది. అలా చేయకపోతే పోగు తెగిపోతుందట.

ఇంటికొచ్చిన వారానికి ఉప్పల్‌లో రొట్టెల బండి దగ్గర ఆగాను. ఆమె బేసిన్‌లో జొన్నపిండి పోసి, పక్క పొయ్యి మీద తెర్లుతున్న ఎసరు ఎత్తి పిండి నడుమ పోసింది. కర్రతో కలిపింది. చెయ్యి పట్టే వేడికి దిగగానే పిసకడం మొదలుపెట్టింది. ప్రెయా డాక్‌లో చూసిన పనే ఇది. సగం పిండిని ఉడికించి, మిగతా సగానికి దాన్ని జిగురుగా వాడటం.

"సల్లనీళ్లతోని కాదా అక్కా?" అని అడిగాను.

"ఉడుకునీళ్లు పొయ్యకుంటే పిండి మాట ఇనదు సారూ."

గోధుమపిండికి ఈ తిప్పలు లేవు. దానిలో నీళ్లు తగలగానే సాగే గ్లూటెన్ ఉంది. అది వలలా పిండిని పట్టి ఉంచుతుంది, అందుకే చపాతీని కర్రతో ఎటు లాగితే అటు సాగుతుంది. జొన్నలో ఆ వల లేదు, బియ్యంలోనూ లేదు. చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి ముద్దగా కనిపిస్తుందే గానీ కర్ర పెట్టగానే బీటలు వారుతుంది. మరిగే నీళ్లు పడితే అందులోని పిండిపదార్థం ఉబ్బి గంజిలా మారుతుంది, ఆ గంజే మిగతా పిండిని పట్టుకుంటుంది. ఎసరు తక్కువైతే రొట్టె విరుగుతుంది. ఎక్కువైతే ముద్దంతా ఉడికిపోయి గటక అవుతుంది, రొట్టె కాదు. ఈ రెంటి మధ్య ఉన్న కొలత ఏ గ్లాసుమీదా గీసి ఉండదు. పిండి ఎంత పాతది, గింజ ఎంత ఎండింది, గిర్నిలో ఎంత మెత్తగా పట్టారు అన్నదాన్ని బట్టి అది రోజూ మారుతుంది. ఆమె చెయ్యి రోజూ కొత్తగా లెక్క కడుతుంది.

గింజ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. యాసంగి జొన్న రొట్టెకు పేరు. వానకాలం పంట కంకి మీద ఉండగా వానలు పడితే గింజకు బూజు పట్టి నల్లబడుతుంది, పిండి రంగూ రుచీ పోతాయి. చలికాలపు మంచుకు పండే యాసంగి గింజకు ఆ బెడద తక్కువ. షోలాపూర్ వైపు నుంచి వచ్చే మాల్దండి జొన్నను అడిగి మరీ తెచ్చుకునేది అందుకే. పిండి ఎప్పటికప్పుడు పట్టించిందై ఉండాలి. నెల దాటిన పిండి చేదెక్కుతుంది, ఎంత మంచి ఎసరు పోసినా అంచులు చీలుతాయి. ప్యాకెట్ పిండితో ఇంట్లో రొట్టెలు విరిగి చేతగానితనం అనుకుని కుంగిపోయేవాళ్లు ముందు ప్యాకెట్ మీది తేదీ చూసుకోవచ్చు.

ఇక కొట్టడం. చాలామంది తట్టడం అంటారు గానీ ఇది తట్టడం కంటే పెద్ద పనే. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేతి మడమతో చివరిసారి గట్టిగా పిసికి, గుండ్రంగా చేసి పీట మీద ఆనిస్తుంది. కుడి అరచెయ్యి పై నుంచి పడుతుంది. ఎడమచేతి వేళ్లు అంచుకు గోడలా నిలబడతాయి. దెబ్బ పడిన ప్రతిసారీ రొట్టె కింద పొడిపిండి మీద కొంచెం జారి తిరుగుతుంది; తిప్పుతున్నట్టు ఎక్కడా కనపడదు. అంచు చీలబోతే ఎడమ బొటనవేలు దాన్ని అక్కడికక్కడే నొక్కి అతికిస్తుంది. మొదట దెబ్బలు మధ్యలో పడతాయి, పోనుపోను అంచులకు జరుగుతాయి. పెంక అంత వెడల్పు అయ్యేసరికి రొట్టె నడుమా అంచూ ఒకే మందంలో ఉంటాయి. చపాతీ కర్రతో ఇది రాదు. కర్ర పిండిని లాగుతుంది. జొన్నపిండి లాగితే తెగుతుంది, నొక్కితేనే పరుచుకుంటుంది.

తర్వాత పీట మీది నుంచి పెంక మీదికి మార్చే క్షణం. తినేవాళ్లు దీన్ని చూడరు, కొట్టేవాళ్లు మాత్రం దీనికే భయపడతారు. తడి ముద్ద, ఆనుకోవడానికి ఏ వలా లేని ముద్ద, గాలిలో అర క్షణం ఉండాలి. ఆమె కుడిచేతి మీదికి జార్చుకుని, పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెంక మీద పరిచేస్తుంది. వెంటనే నీళ్లలో ముంచిన గుడ్డతో పైన తుడుస్తుంది. ఈ తడి లేకపోతే పైనున్న పొడిపిండి మాడి చేదవుతుంది. తడి తగిలితే అది పలచటి పూతలా మారి రొట్టె పైన సన్నటి బీటలన్నీ మూసేస్తుంది. నీళ్లు ఇంకి మెరుపు పోగానే తిరగేస్తుంది. ఇప్పుడు లోపలి తేమ ఆవిరై బయటికి పోవడానికి దారి లేదు. గుడ్డను ఉండలా చుట్టి అంచుల మీద ఒత్తుతూ పోతే రొట్టె పొంగి రెండు పొరలుగా విడుతుంది. కట్టెల పొయ్యి అయితే చివరికి నిప్పుల పక్కన నిలబెడుతుంది, గ్యాస్ అయితే మంట మీదే చూపిస్తుంది. తడి గుడ్డ, ఎసరు, అరచెయ్యి. నూనె చుక్క లేదు, ఈస్ట్ లేదు, ఉప్పు కూడా వేయనివాళ్లే ఎక్కువ.

ఆమెది నారాయణఖేడ్ దిక్కు. ఆ సరిహద్దు ఊళ్లలో రొట్టెను ఇంకాసేపు సన్నసెగన ఉంచి అప్పడంలా కరకరలాడేలా ఆరబెడతారు. కడక్ రొట్టె. రోజుల తరబడి చెడదు, మూటలో పెట్టుకుని దూరం పోవచ్చు. పని వెతుక్కుంటూ ఊరు దాటిన మనుషులకు అది దారిబత్తెం. నగరంలో ఆ అవసరం తప్పింది. ఇప్పుడు మెత్తటి రొట్టెలే, పేపర్లో చుట్టి, పక్కన ఎల్లిపాయ కారం పొట్లం, కవర్లో పుంటికూర పప్పు.

ఆ పప్పును చాలామంది వద్దంటారు. "రొట్టెలే కట్టియ్యి, కూర ఇంట్లో ఉంది" అంటారు. రొట్టె పక్కన ఆ కూర ఎందుకు ఉండాలో చెప్పే కథ ఒకటి ఉంది. ఈ బండికి అట్టే దూరం కాని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో అది కూనూరు నుంచి హైదరాబాదుకు మారింది. అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. దక్కన్‌లో జొన్న తప్ప మరో తిండి దొరకని పేదల్లో పెలాగ్రా కనిపిస్తోందన్నది విషయం. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం ఆ జబ్బు లక్షణాలు. నియాసిన్ అనే విటమిన్ లోపంతో వస్తుంది. జొన్నలో లూసిన్ అనే ఆమినో ఆమ్లం మోతాదుకు మించి ఉండటం ఇందుకు కారణమని వాళ్ల వాదన. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చే నడిచింది. చర్చ ఎటు తేలినా, జొన్న ఒక్కటే తిన్న ఒళ్లు నిలబడలేదన్నది మాత్రం కళ్లముందున్న సంగతి. చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరమని 2023ను ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పటి నుంచి జొన్నను సర్వరోగ నివారిణిగా చూపే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో ఈ కథ ఉండదు. ఊళ్లో రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, పల్లీల కారం, మజ్జిగ ఉండటం రుచి కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. ప్రెయా డాక్‌లోనూ ఉత్తి బియ్యపు పోగులు ఎవరూ తినరు. చేప, ఆకులు పక్కన లేకుండా గిన్నె చేతికివ్వరు.

జొన్న తిన్నవాళ్లు జొన్న మానేసిన కథలో నాచారానికీ ఒక సంబంధం ఉంది, కాస్త వంకర సంబంధం. ఎన్.టి. రామారావు రామకృష్ణ స్టూడియో ఇక్కడే. 1983లో ఆయన ముఖ్యమంత్రిగా తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం తెలంగాణ పల్లెల్లో పండగలాంటిది. అంతకుముందు తెల్లన్నం పండగనాడు, చుట్టం వచ్చిననాడు. బోర్లు పడి వరి పెరగడం, బియ్యం చౌకవడం ఒకదాని వెనక ఒకటి వచ్చి గటకా రొట్టే వెనక్కి పోయాయి. మా అమ్మ తరంలో చాలామందికి జొన్న రొట్టె అంటే లేమి గుర్తు. అన్నం వండుకోగలిగాక దాని మొహం చూడలేదు. వాళ్లను తప్పుపట్టే హక్కు, ఇంట్లో రెండు రకాల బియ్యం పెట్టుకుని రొట్టె మీద వ్యాసం రాసే నాకు లేదు.

ఇప్పుడు బండి ముందు నిలబడేవాళ్లను చూడండి. షుగర్ అని డాక్టరు అన్నం తగ్గించమన్నవాళ్లు, ఐటీ ఆఫీసుల నుంచి వచ్చే కుర్రాళ్లు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగినవాళ్లు, ఈఎస్ఐ ఆస్పత్రిలో చుట్టాన్ని చేర్పించి రాత్రికి తిండి వెతుక్కునేవాళ్లు. ఒకప్పుడు గతిలేక తిన్నదాన్ని ఇప్పుడు క్యూలో నిలబడి కొంటున్నారు. కొట్టే చేతులు మాత్రం ఆ పాత పల్లెలవే. ఇంట్లో జొన్న మానేయని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకే ఈ పని చేతనవుతుంది. నగరంలో పుట్టి నేర్చుకుని బండి పెట్టినవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు.

నాచారం రోడ్డులో కాస్త ముందుకొస్తే గుంతపొంగనాల బండి ఒకటి ఉంది. దాని మీద రెండు మాటలు చాలు. అదే గుంతల పెనం, అదే బియ్యపు పిండి. కంబోడియా వీధుల్లో కొబ్బరిపాలు, ఉల్లికాడలు వేసి నొమ్ క్రోక్ అంటారు. అక్కడ తిన్నప్పుడు మా ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంతదూరం వచ్చి పొంగనాలా?" అంది.

మళ్లీ రొట్టెల బండి సంగతికొస్తే, 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం బండి పెట్టుకునే హక్కును గుర్తించింది, గుర్తింపు పత్రాలూ పట్టణ వ్యాపార కమిటీలూ ఉండాలంది. అయినా రోడ్డు వెడల్పు అన్న మాట వినపడగానే ముందు కదలాల్సింది ఇప్పటికీ బండే. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవర్ పనులు ఏళ్లుగా సాగుతుంటే, ఆ దుమ్ములో రొట్టెలామె ఇప్పటికి మూడు చోట్లు మారింది. చోటు మారితే గిరాకీ మారుతుంది. కట్టెలు కాల్చొద్దంటే గ్యాస్ సిలిండరు ఖర్చు. రొట్టె ధర రెండు రూపాయలు పెంచితే మాత్రం మనం బేరమాడతాం.

మొన్న వెళ్లినప్పుడు పీట ముందు ఆమె లేదు. పన్నెండేళ్ల కూతురు కొడుతోంది. తల్లి వీపు మాకు పెట్టి పెంక దగ్గర కూర్చుని, పొంగుతున్న రొట్టె అంచులు ఒత్తుతోంది. వరంగల్ బస్సు హారన్ కొట్టింది, వెనక ఇంకో రెండు. ఆ గోలలో ఆమె తల తిప్పకుండానే అంది:

"సప్పుడు మారింది. పచ్చిగుంది. పొడి సల్లు బిడ్డా."

పిల్ల ఒక చిటికెడు పొడిపిండి చల్లి మళ్లీ కొట్టింది. నా చెవికి రెండు చప్పుళ్లూ ఒకేలా ఉన్నాయి.

"ఆఁ, గట్లనే," అంది తల్లి.