ప్రాణం దక్కకపోయినా

కాన్పయ్యి బిడ్డతో ఇంటికి బయల్దేరేటప్పుడు నర్సమ్మ నుంచి ఆయా దాకా అందరికీ స్వీట్లు పంచడం మనకు అలవాటే. మనిషి పోయిన ఇంటివాళ్లు మాత్రం ఆ ఆస్పత్రి వైపు మళ్లీ తొంగిచూడరు. పెంపుడు జంతువుల విషయంలోనూ అంతే. చిన్నప్పటి నుంచి టీకాలు వేసిన డాక్టరుగారికి ఎప్పుడో ఒకప్పుడు ఓ మంచిమాట దక్కుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఉండేవాళ్లకు ఆ అవకాశం తక్కువ. వాళ్లు ఒక కుక్కను మొదటిసారి చూసేదే పార్వో వైరస్‌తో నెత్తుటి విరేచనాలు అవుతున్నప్పుడో, పొట్ట ఉబ్బి మెలిపడినప్పుడో. బతికితే మర్నాటి నుంచి మామూలు డాక్టరు చూసుకుంటారు. పోతే ఇంటివాళ్లు మళ్లీ రారు. అందుకే ప్రాణం దక్కనప్పుడే వీళ్లకు కృతజ్ఞత చెప్పడం ఎక్కువ అవసరమని నా వాదన.

కాపాడలేనివాళ్లకు థాంక్స్ దేనికని అడగొచ్చు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ ప్రశ్న సహజం. కానీ ఫలితం ఒక్కటే చూస్తే జరిగిన పని కంటికి ఆనదు. ఊపిరాడక నోరు తెరిచి రొప్పుతున్న పిల్లిని తీసుకెళ్తే, చాలాసార్లు ముందు ఆక్సిజన్ పెట్టెలో ఉంచి కాసేపు ముట్టుకోరు. అద్దం ఇవతల ఉన్న మనకు వాళ్లు చేతులు కట్టుకు నిలబడ్డట్టే ఉంటుంది. ఆ స్థితిలో దాన్ని పట్టుకుని ఎక్స్‌రే కోసం అటూ ఇటూ తిప్పితే ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. ముట్టుకోకపోవడమే అప్పటికి వైద్యం. కుక్కకు సెలైన్ ఎక్కించడమూ ఒక్కరి పని కాదు. ముంగాలి మీద బొచ్చు గొరిగాక, ఒకరు పైన నొక్కిపట్టి నరం తేలేలా చేస్తేనే ఇంకొకరు సూది గుచ్చగలరు. ఆ నొక్కిపట్టిన మనిషి పేరు బిల్లు మీద ఉండదు.

వేలకు వేలు కట్టాం కదా, ఇంకేం బాకీ అనేవాళ్లూ ఉంటారు. ఖర్చు భారమే, కాదనను. అయితే వైద్యం చెప్పే నోటితోనే దాని ఖరీదూ చెప్పి, ఆశ లేనప్పుడో డబ్బు చాలనప్పుడో ఆఖరి ఇంజెక్షనూ తామే ఇవ్వాల్సి రావడం ఈ వృత్తికున్న బరువు. అమెరికాలో 1979 నుంచి 2015 దాకా చనిపోయిన పశువైద్యుల రికార్డులు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 398 ఆత్మహత్యలు తేలాయి. సాధారణ జనంతో పోలిస్తే మరణాల్లో ఆత్మహత్యల వాటా మగవారిలో 2.1 రెట్లు, ఆడవారిలో 3.5 రెట్లు ఎక్కువ. ప్రాణాలు తీసుకున్నవారిలో నాలుగింట మూడొంతుల మంది కుక్కలూ పిల్లుల వంటి చిన్న జంతువులకు వైద్యం చేసేవారే. దీనికి కారణాలు అనేకం, ఒక కృతజ్ఞతల ఉత్తరం వాటిని తీర్చేస్తుందని నేననను. కానీ పోయిన ప్రాణాల తరఫున నిందలు తప్ప ఇంకేమీ తిరిగిరాని చోట ఆ ఉత్తరానికి విలువ ఉంది.

మరి నిజంగా తప్పు జరిగి ఉంటే? అడగాల్సిందే. కేస్ షీట్ నకలు అడగండి, అవసరమైతే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. డాక్టరు నిర్ణయాన్ని ప్రశ్నించడానికీ, తెల్లవార్లూ కుక్క తల నిమిరిన సహాయకుడికి కృతజ్ఞత చెప్పడానికీ పోటీ లేదు. కోపం చల్లారకపోతే ఇప్పుడే రాయనక్కర్లేదు, నెల తర్వాతైనా సరే. పొగడ్తల కంటే వాళ్లు చేసిన ఒక్క పనిని ఉన్నదున్నట్టు రాయడం మేలు. మీ పెంపుడు జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పటి ఫొటో జతచేస్తే మరీ మంచిది, వాళ్లు దాన్ని అలా ఎన్నడూ చూడలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో తెలియకపోతే తేదీ, వేళ, దాని పేరు రాయండి. రిజిస్టరు చూసి వాళ్లే పోల్చుకుంటారు.